రైతు గవర్నర్‌గా నిలబడ్డాడు, నువ్వు గుమ్మాలెక్కబోతున్నావు

నాన్నా,

మీ రాష్ట్రంలో గవర్నర్ పదవికి ఒక రైతు నిలబడ్డాడని, ఇదివరకు శాసనసభలో కూడా పనిచేసిన మనిషని, ఆయన తరఫున ఇంటింటికీ తిరగడానికి పేరిచ్చానని చెప్పావు కదా, ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. మీ అమ్మకు మాత్రం ముందు విషయం సరిగ్గా చెప్పు, ఊళ్లో గవర్నరంటే ఢిల్లీ నుంచి నియమించే రాజ్‌భవన్ పెద్దమనిషే అనుకుంటారు. ఇక్కడ అమెరికాలో జనం ఓటేసి గెలిపించాలి, మన ముఖ్యమంత్రి లాంటి పదవి.

నేను అనంతపురంలో శెనక్కాయ చేల మధ్య పెరిగినవాణ్ణి. ఇక్కడి జార్జియా రాష్ట్రానికి వచ్చిన కొత్తలో రోడ్డు పక్కన పెద్ద అండాలో ఉప్పేసి శెనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతుంటే చూసి కారు ఆపేశా, ఆ వాసనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అలా మొదలైంది నాకు జిమ్మీ కార్టర్ మీద ఆసక్తి, ఈ రాష్ట్రానికి గవర్నరై తర్వాత దేశాధ్యక్షుడైన శెనక్కాయ రైతు. ఆయన కూడా చిన్నప్పుడు ప్లెయిన్స్ అనే తన ఊరి వీధుల్లో ఉడికించిన శెనక్కాయలు పొట్లాలు కట్టి అమ్మినవాడే. 1953లో తండ్రి పోతే నేవీ ఉద్యోగం వదిలేసి పొలానికి వచ్చాడు, మరుసటి ఏడాది కరువు, మిగిలింది 200 డాలర్లు కూడా కాదు. 1962లో రాష్ట్ర సెనేట్‌కు, అంటే శాసనసభ పై సభకు, పోటీ చేస్తే ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది) దొంగ ఓట్లు పడ్డాయి, ఊరుకోకుండా పోరాడి సీటు దక్కించుకున్నాడు. 1966లో గవర్నర్ పదవికి దిగి ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, మూడో స్థానంలో ఆగిపోయాడు.

అక్కణ్ణుంచి ఆయన చేసిందే నువ్వు నేర్చుకోవాలి. ఒక నెల ఆగి మళ్లీ ప్రచారం మొదలుపెట్టాడు, 1970 ఎన్నికల దాకా. ఆయన లెక్క ప్రకారం 1,800 దాకా ప్రసంగాలు, భార్య రోజలిన్, తను కలిసి చేతులు కలిపింది 6 లక్షల మందితో. ఇంకో సంగతి నాకు అంతకన్నా గొప్పగా అనిపిస్తుంది. ఊరూరా తిరిగి ఇంటికి వస్తూ కారులోనే, ఆ రోజు ఎవరిని కలిశాడో, వాళ్ల ఊరి సంగతులేంటో టేప్ రికార్డర్‌లో చెప్పుకునేవాడు, మర్నాడు రోజలిన్ అది విని వాళ్లకు థాంక్స్ ఉత్తరాలు రాసేది. నువ్వూ అదే చెయ్యి. గుమ్మం దిగగానే, కారెక్కేలోపే రాసుకో: ఆ ఇంటావిడ పేరేంటి, ఏమడిగింది, మళ్లీ ఎప్పుడొస్తానని నువ్వు మాటిచ్చావు. సాయంత్రం రాసుకుందాంలే అనుకుంటే సగం మర్చిపోతావు, నాకది అనుభవమే.

పంట రోజులు చూసుకుని వెళ్లు. ఇక్కడ శెనక్కాయ తవ్వేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో, ఎన్నికేమో నవంబర్‌లో. ఒకసారి కరపత్రాలు పట్టుకుని ఒక పొలం గట్టు దగ్గర నిలబడి ఆస్తి పన్ను గురించి అరగంట చెప్పాను. వెనక తవ్వి తిరగేసిన తీగలు, కాయలు పైకి, వేళ్లకు ఇంకా తడి మన్ను. ఆ రైతు నా వైపు కాకుండా నా భుజం మీదుగా మబ్బు వైపే చూస్తున్నాడు. శెనక్కాయ రైతు కొడుకునై ఉండి నాకు తట్టలేదు, అది ఇప్పటికీ బాధే. "మళ్లీ వస్తాను" అని ఒక్క మాట చెప్పి వచ్చేయాల్సింది.

రైతు అన్న మాట ఒక్కటే చాలదు. ఈ దేశంలో నూటికి ఇద్దరు కూడా సేద్యం చేయరు, అపార్ట్‌మెంట్‌లో ఉండే నర్సుకు ఆయన ట్రాక్టర్ ఫోటో చూపిస్తే ఏం లాభం? ఆమె ఊరి ఆసుపత్రి గురించి, పిల్లల బడి గురించి ఆయనేం చేస్తాడో చెప్పు. శాసనసభలో ఆయన ఏ బిల్లుకు ఎటు ఓటేశాడో ముందే చదువుకో, అవతలివాళ్లు చదివే ఉంటారు. నచ్చని ఓటు కనిపిస్తే ఆయన్నే అడుగు, టెన్షన్ పడకు.

డబ్బు దగ్గర జాగ్రత్త. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి నువ్వు చందా ఇవ్వచ్చు, ఓటు మాత్రం పౌరసత్వం వచ్చాకే. హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్న నీ స్నేహితుల దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోకు, అది చట్ట విరుద్ధం, తర్వాత వాళ్లకే కష్టం.

ఒకటి చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. 1970లో కార్టర్ గెలవడం కోసం, నల్లవాళ్లను వేరుగా ఉంచాలనే ఓటర్లకు నచ్చేలా మాట్లాడాడు. అలా వేరుగా ఉంచాలని పోరాడిన అలబామా నాయకుడు జార్జ్ వాలెస్‌ను రాష్ట్రానికి పిలిచి మాట్లాడిస్తానన్నాడు. గెలిచాక 1971 జనవరి 12న ప్రమాణ స్వీకారం రోజున జాతి వివక్ష కాలం అయిపోయిందని అందరి ముందూ చెప్పాడు. ఆ రెండో మాటకు నేను చేతులెత్తి మొక్కుతాను, కానీ మొదటిది నమ్మి ఓటేసినవాళ్లు, అది విని భయపడ్డవాళ్లు, ఇద్దరూ మనుషులే కదా. నువ్వు ఒక గుమ్మంలో ఒక మాట, పక్క గుమ్మంలో ఇంకో మాట చెప్పకు. ఎవరైనా అలా చెప్పమంటే ఆ రోజు ఇంటికి వచ్చెయ్.

బూట్లు గట్టివి వేసుకో, నీళ్ల సీసా మర్చిపోకు. శనివారం రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి, మొదటి ఇంటివాళ్లు ఏమన్నారో నాకు చెప్పాలి.

మీ మామయ్య