ఆ మెషీన్ పెట్టించుకునే ముందు ఇది చదువు

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, దాని పొట్టలో ఏదో మెషీన్ పెడతారట" అని ఒకటే ఏడుపు. ఆపరేషన్ డేట్ కూడా తీసుకున్నావట, నాకు ఒక్క ముక్క చెప్పాలనిపించలేదేమే? మీ పెద్దనాన్నకీ నీలాగే షుగర్ వల్ల కడుపు మెల్లగా ఖాళీ అయ్యే జబ్బే (గ్యాస్ట్రోపరేసిస్), ఆయనకి పెట్టిందీ కడుపుకి కరెంటు ఇచ్చే ఆ ఎంటెరా మెషీనే కదా! సరే, తిట్లు తర్వాత. తిన్నదల్లా కక్కుకుంటూ, సెలైన్ల మీద నెట్టుకొస్తూ కూడా ఉద్యోగం వదల్లేదు చూడు, నా వల్లయితే అయ్యేది కాదు తల్లీ.

ఆపరేషన్ ముందు మందులు, ఫాస్టింగ్ వాళ్లు చెప్పినట్టు చెయ్యి. ఇన్సూరెన్స్ అప్రూవల్ కాగితం చేతికొచ్చేదాకా నమ్మకు. 2000లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది హ్యుమానిటేరియన్ మినహాయింపు కింద, అంటే తక్కువ మందికి వచ్చే జబ్బని, బాగా పనిచేస్తుందన్న పూర్తి రుజువు అడగకుండా. అందుకే ఇన్సూరెన్స్ వాళ్లు కొర్రీలు పెడుతుంటారు.

అసలు సంగతి వేరే. అది వాంతులు, వికారం తగ్గించడానికి పెట్టేది, కడుపు త్వరగా ఖాళీ అవుతుందని మాత్రం అనుకోకు. కడుపు గోడలోకి రెండు తీగలు గుచ్చి నిమిషానికి 12 సార్లు చిన్న కరెంటు ఇస్తుంది, మన కడుపు తనంతట తాను కదిలేది 3 సార్లే. ఫ్రాన్స్‌లో 172 మందికి అమర్చి, నాలుగు నెలలు ఆన్‌లో, నాలుగు నెలలు ఆఫ్‌లో పెట్టి చూశారు. ఆన్‌లో ఉంటే వాంతులు తగ్గాయి, తిండి కిందికి దిగే వేగం మాత్రం మారలేదు.

మీ పెద్దనాన్నకి ఇది ఎక్కలేదు. వాంతులు తగ్గేసరికి కడుపు బాగైపోయిందనుకుని, సంక్రాంతికి బొబ్బట్లు లాగించి, తినే ముందే పాత లెక్కన ఇన్సులిన్ మొత్తం పొడుచుకున్నారు. తిండి కడుపులోనే కూర్చుంది, ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి, చొక్కా తడిసి ముద్దై, నన్ను వాళ్ల అక్క పేరుతో పిలుస్తున్నారు. మీటర్ చూస్తే షుగర్ 41కి పడిపోయింది. పంచదార నీళ్లు తాగించాను కానీ అవి కూడా ఆ కడుపులోంచే పోవాలి కదా, ఎంతకీ షుగర్ లేవదు. 911 అంబులెన్స్ వాళ్లొచ్చి నరానికి గ్లూకోజ్ ఎక్కిస్తే గానీ మనిషి తెలివిలోకి రాలేదు. తీరా తెల్లవారుజామున ఆ బొబ్బట్లు దిగాయి, షుగర్ 300 దాటింది!

ఆయనకి నేనున్నాను. నువ్వు ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక్కదానివే, నా భయమంతా అదే. అందుకని తిన్న తర్వాత ఇన్సులిన్ తీసుకోవాలా, విడగొట్టి తీసుకోవాలా అని మీ షుగర్ డాక్టర్ని ఆపరేషన్‌కి ముందే అడుగు, సొంత ప్రయోగాలొద్దు. ఒంటికి అంటించుకుని షుగర్ ఎప్పటికప్పుడు చూపించే ఆ సీజీఎం అలారం నాకు కూడా మోగేట్టు పెట్టు. షుగర్ బాగా పడిపోతే పైకి లేపే మందు గ్లూకగాన్ ఇంట్లో ఉంచుకుని, ఎలా ఇవ్వాలో పక్కింటి వాళ్లకి చూపించు. మొహమాటపడితే ఊరుకోను.

ఎంఆర్ఐ అన్నా, ఫిజియోథెరపీలో కరెంటుతో వేడి పెడతామన్నా ముందు మెషీన్ సంగతి చెప్పు. దాని కార్డు పర్సులోంచి తియ్యకు. బ్యాటరీ అయిపోతే మళ్లీ కోత తప్పదు, అది ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది.

ఆపరేషన్‌కి నేనొస్తున్నా, వద్దనకు. మెత్తగా అన్నం వండి పలచటి మజ్జిగతో పెడతాను. మీ అమ్మ మునగాకు పొడి పంపుతోందట, తీసి పక్కన పెట్టు, అంత పీచు నీ కడుపు అరిగించుకోలేదు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే.

పెద్దమ్మ