ఆ పీతకు పేరు పెట్టే ముందు

తల్లీ, పెద్దమ్మ ఆశీస్సులు.

మారేడుమిల్లి వాగు దగ్గర తీసిన ఫొటోలు చూశాను. ఆ పీత వీపు మీది ఊదా రంగు చిప్ప చూసి కొత్త జాతేమో అని రాశావు. అయ్యుండొచ్చు. కానీ రంగుని బట్టి మాత్రం తేల్చకు. ఒకే జాతిలో పిల్లలు ఒక రంగులో, పెద్దవి ఇంకో రంగులో ఉండొచ్చు. ఆల్కహాల్‌లో వేశాక ఆ రంగు కూడా పోతుంది. బతికుండగా ఫొటో తీసి పెట్టుకో, చాలు.

ముందు పీతను వెల్లకిలా తిప్పు. పొట్ట కింద మడిచిన ఉదరం సన్నగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. నీకు కావలసింది ఎదిగిన మగది. ఆ మడత తెరిస్తే రెండు జతల గోనోపోడ్లు, అంటే మగ పీత జతకట్టడానికి వాడే చిన్న అవయవాలు, కనిపిస్తాయి. మంచినీటి పీతల్లో జాతిని తేల్చేది ముఖ్యంగా మొదటి జత. చిప్పలు చూస్తే అచ్చం ఒకేలా ఉన్న రెండు పీతలు ఇక్కడ వేరుపడతాయి. చివరి భాగం పొడవెంత, నిటారుగా ఉందా, బయటికి వంగిందా, కొన మొద్దుగా ఉందా, సన్నగా ఉందా, ఇవన్నీ మైక్రోస్కోప్ కింద చూడాలి. ఎడమవైపుది జాగ్రత్తగా ఊడదీసి రెండు వైపుల నుంచీ బొమ్మ గియ్యి. ఫొటో ఉంది కదా అని గీయడం మానకు. గీస్తున్నప్పుడే కన్ను నిజంగా చూస్తుంది. పిల్ల పీతలో ఈ భాగం ఎదగదు కాబట్టి దాన్ని పట్టుకుని పేరు పెట్టడం కుదరదు.

పీత ఏ కుటుంబానిదో అని టెన్షన్ పడకు. మన దక్షిణాది పొలాల్లో, వాగుల్లో దొరికేవి దాదాపు అన్నీ గెకార్సినూసిడే కుటుంబానివే. పొటామిడే కుటుంబానివి ఎక్కువగా హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాల వైపు ఉంటాయి. ప్రజాతి (జీనస్) దగ్గరే అసలు శ్రమ. కళ్ల మధ్య నుదుటి కింది త్రికోణం పూర్తిగా ఉందా లేదా, నోటిని మూసే కాలులాంటి అవయవం, అంటే మూడో మాక్సిల్లిపెడ్, దాని బయటి కొమ్మకు కశాభం (కొరడాలాంటి సన్నని పోగు) ఉందా, చిప్ప మీది గట్లు ఎంత పదునుగా ఉన్నాయి, ఇవి రాసుకో.

తర్వాత పాత వర్ణనలతో పోల్చు. మన దేశపు మంచినీటి పీతల మీద 1910లో ఆల్కాక్ వేసిన కేటలాగ్‌తో మొదలుపెట్టి కొత్త పేపర్ల దాకా రా. మన పొలాల ఎండ్రకాయ ఓజియోటెల్ఫూసా సెనెక్స్‌కు ఆ జాతి పేరు 1798లో ఫాబ్రీసియస్ పెట్టాడు. తిరుపతి ల్యాబుల్లో ఏళ్ల తరబడి ఎన్నో ప్రయోగాలు ఈ పేరు మీదే జరిగాయి. 2005లో బాహిర్, యో అనే పరిశోధకులు ఈ ప్రజాతిని మళ్లీ పరిశీలించి ఎనిమిది కొత్త జాతులను వర్ణించారు. ఒకే పేరుతో పిలిచినవి తర్వాత వేరుగా తేలొచ్చు, అందుకే ఎవరు ఏ పేరు వాడినా నమూనాని సీసాలో దాచి ఉంచాలని నేను పట్టుబడతాను. సీసా ఉంటే తర్వాతి తరం సరిచూసుకోగలదు.

దాచేటప్పుడు ఫార్మలిన్ వద్దు, డీఎన్ఏ పాడవుతుంది. కాలి కండ ముక్కని ముందే 95 శాతం ఆల్కహాల్‌లో వేరుగా పెట్టి, మిగతా పీతని 70 శాతంలో ఉంచు. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యి. తేదీ, జీపీఎస్, రాయి కిందా బొరియలోనా, అన్నీ అందులో ఉండాలి. మంచినీటి పీతలకు సముద్రంలో ఈదే లార్వా దశ లేదు. గుడ్డులోంచి నేరుగా బుల్లి పీతే బయటికొస్తుంది, అంతవరకూ తల్లి పొట్ట కింద మోస్తుంది. దూరం పోలేవు కాబట్టి ఒక్కో కొండకు ఒక్కో జాతి ఉండే అవకాశం ఉంది. ఊరి పేరు తప్పు రాస్తే ఆ జాతి కథే మారిపోతుంది. పిల్లల్ని మోస్తున్న తల్లిని మాత్రం పట్టకు, నీళ్లలో వదిలెయ్యి.

అక్కడి కొండరెడ్లని కూడా అడుగు. కేరళలో చెట్టు తొర్రల నీళ్లలో బతికే పీత గురించి ముందు చెప్పింది కాణి గిరిజనులే. 2017లో దానికి కాణి మరంజండు అని వాళ్ల పేరే పెట్టారు. నీ పేపర్లో కూడా దారి చూపించినవాళ్లని తలుచుకో.

అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క పీతని కూడా పట్టకు. కొత్తదని తేలితే టైపు నమూనా, అంటే ఆ కొత్త పేరుకు ఆధారంగా నిలిచే పీత, జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లాంటి గుర్తింపు ఉన్న చోట జమ చెయ్యాలి. హైదరాబాద్‌లో వాళ్ల మంచినీటి జీవుల కేంద్రం ఉంది, ముందు అక్కడ దాచిన నమూనాలు చూడనిస్తారేమో ఉత్తరం రాసి అడుగు. మగ పీత బొమ్మ గీశాక నాకు పంపు.

పెద్దమ్మ