మా వాడు ఇండియాకు ఆడాలా, ఇంగ్లండ్ వెళ్లాలా?

ప్రశ్న: మాది తిరుపతి. చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసి 2022లో తిరిగొచ్చేశాం. నా భార్యది ఆ దేశమే. బాబు అక్కడే పుట్టాడు, ఇప్పుడు 16 ఏళ్లు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది, ఇక్కడికొచ్చే ముందు ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) తీసుకున్నాం. ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. ఫుట్‌బాల్‌లో డిఫెండర్, సెంటర్ బ్యాక్ ఆడతాడు. పోర్చుగల్‌లో అకాడమీ ట్రయల్ ఇప్పిస్తానని చెన్నైలో ఒక ఏజెంటు 8 లక్షలు అడిగితే 50 వేలు అడ్వాన్స్ ఇచ్చాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు. కాలేజీవాళ్లు రెండేళ్లు ఆట మానేయమంటున్నారు. వాళ్లమ్మ ఒడ్డూ పొడుగూ వచ్చింది కాబట్టి ఇండియా టీమ్‌లోకి తేలిగ్గా తీసుకుంటారని అందరూ అంటున్నారు. గ్రౌండులో పిల్లలు మాత్రం వాడిని ఫారినర్ అని పిలుస్తున్నారు. ఈమధ్య మోకాలి కింద నొప్పి అంటున్నాడు. వాడి ఆట వీడియో ఒకటి పంపుతున్నాను. ఇంగ్లండ్, పోర్చుగల్, ఇండియా, ఈ మూడింట్లో ఏది మేలు? తిరిగొచ్చి వాడికి అన్యాయం చేశామా?

జవాబు: సార్, మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర్నుంచే మొదలుపెడతాను. పైన అడిగిన మూడు దేశాల లెక్క కన్నా మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని తెలుస్తూనే ఉంది. బయటి దేశాల నుంచి వచ్చి తిరుపతిలో, చిత్తూరులో, మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు, ఒకరు జేఈఈ అంటారు, ఒకరు నీట్ అంటారు, ఇంకొకరు టెన్నిస్ అంటారు, కాసేపు మాట్లాడాక అందరి నోటా ఇదే మాట. అన్యాయం ఏమీ జరగలేదు సార్. అక్కడే ఉండి ఉంటే ఏదో పెద్ద క్లబ్బు అకాడమీలో ఉండేవాడని మీరు ఊహించుకుంటున్నారు. అక్కడ కూడా 16 ఏళ్ల దగ్గర స్కాలర్‌షిప్ (అకాడమీ శిక్షణ ఒప్పందం) దశలో ఒక వడపోత, 18 దగ్గర ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ఇంకో వడపోత. ఎనిమిదేళ్ల వయసు నుంచి అదే క్లబ్బు జెర్సీ వేసుకున్న పిల్లలకు కూడా సారీ చెప్పి పంపించేస్తారు.

నీల్ టేలర్ అనే ఫుట్‌బాలర్ సంగతి మీవాడికి తెలిసే ఉంటుంది, మీరూ తెలుసుకోండి. అమ్మది కోల్‌కతా, నాన్నది వేల్స్. 1989లో వేల్స్‌లోనే పుట్టాడు. చిన్నప్పుడు మాంచెస్టర్ సిటీ అకాడమీలో ఉండేవాడు, వాళ్లు వద్దన్నారు. ఇంటి దగ్గరున్న రెక్సమ్ క్లబ్బుకు వెళ్లాడు. 2008లో ఆ క్లబ్బు లీగుల్లోంచి జారి ఐదో అంచెలో పడింది, ఇతనూ దాంతోపాటే అక్కడ ఆడాడు. 2010లో స్వాన్సీ క్లబ్బు తీసుకుంది, మరుసటి ఏడాదికి ఆ జట్టు అక్కడి అగ్ర లీగైన ప్రీమియర్ లీగ్‌లో ఉంది. 2012 సెప్టెంబరులో చీలమండ విరిగింది, ఆ సీజన్ చాలావరకు పోయింది. అదే మనిషి 2016 యూరో కప్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడి రష్యా మీద గోల్ కొట్టాడు, వేల్స్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. డానీ బాత్ అని ఇంకొకతను ఉన్నాడు, తండ్రి పంజాబీ, తల్లి ఇంగ్లిష్, మీవాడిలాగే సెంటర్ బ్యాక్. వుల్వ్స్ అనే ఇంగ్లండ్ క్లబ్బు అకాడమీ పిల్లాడు. కోల్చెస్టర్‌కి, షెఫీల్డ్ క్లబ్బులకి అప్పుమీద (లోన్ మీద, కొన్నాళ్లపాటు) పంపితే అక్కడ ఆడి తిరిగొచ్చి వుల్వ్స్‌కే కెప్టెన్ అయ్యాడు. డిఫెండర్లు చాలావరకు ఇలా నిదానంగానే పైకొస్తారు. ఫార్వర్డ్ పదిహేడేళ్లకే మెరవొచ్చు, వెనక నిలబడేవాడికి మాత్రం మ్యాచుల మీద మ్యాచులు ఆడితే తప్ప చూపు రాదు. కాబట్టి 16 ఏళ్లకే రైలు తప్పిపోయిందన్న టెన్షన్ ముందు పక్కన పెట్టండి.

ఇక ఇండియా టీమ్ సంగతి. నేనిప్పుడు చెప్పిన ఇద్దరిలో ఒక్కరూ ఇండియాకు ఆడలేదు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే దేశం తరఫున ఆడాలని 2008 నుంచి ప్రభుత్వ విధానం. ఓసీఐ కార్డు ఉంటే ఇక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, నీలం జెర్సీ మాత్రం రాదు. పక్కనున్న బంగ్లాదేశ్‌లో ఆ అడ్డు లేదు కాబట్టే ఇంగ్లండ్‌లో పుట్టిన హమ్జా చౌదరి 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మన మీదే ఆ దేశం తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. మన దగ్గర జపాన్ తల్లికి, గుజరాతీ తండ్రికి పుట్టిన ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకుని భారతీయుడయ్యాకే, 2013లో ఇండియాకు ఆడాడు. 2025లో రయన్ విలియమ్స్ కూడా ఇండియాకు ఆడాలనే ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలేశాడు. ఇద్దరూ పెద్దవాళ్లయ్యాక, ఇక్కడ క్లబ్బుల్లో ఆడి ఈ దేశమేంటో చూశాక ఆ నిర్ణయం తీసుకున్నారు. మీవాడు ఇప్పుడు తీసుకోవాలన్నా తీసుకోలేడు, 18 నిండకుండా బ్రిటిష్ పౌరసత్వం వదులుకోవడం కుదరదు. ఓసీఐ వచ్చి ఐదేళ్లయి, దరఖాస్తుకు ముందు ఏడాదిపాటు ఇక్కడే ఉన్నవాళ్లు భారత పౌరసత్వం అడగొచ్చు, వాడికి 18 నిండేనాటికి ఆ ఐదేళ్లూ నిండిపోతాయి. ఇంకో మాట కూడా తెలుసుకోండి, వేరే పౌరసత్వం కోసం బ్రిటిష్ పౌరసత్వం వదులుకున్నవాళ్లు జీవితంలో ఒకసారి దాన్ని తిరిగి తీసుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది, తీసుకుంటే మాత్రం ఇక్కడిది పోతుంది. అంటే మీరు కంగారు పడుతున్న పెద్ద నిర్ణయానికి ఇంకా రెండేళ్లు టైముంది, అప్పుడు కూడా అది తీసుకోవాల్సింది వాడే.

ఇక్కడ మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. వాళ్లమ్మ ఒడ్డూ పొడుగూ వచ్చింది, తేలిగ్గా తీసుకుంటారు అని మీరే రాశారు. గ్రౌండులో పిల్లలు వాడిని ఫారినర్ అని పిలుస్తుంటే, ఇంట్లో నాన్న కూడా వాడి ఎత్తును వాళ్లమ్మ రక్తానికి కట్టి మాట్లాడితే ఆ పిల్లాడికి ఎలా ఉంటుంది? మీరు పంపిన వీడియో చూశాను. పాట పెట్టి, స్లైడింగ్ టాకిల్స్ అన్నీ ఏరి కలిపారు. టాకిల్ కోసం నేల మీద పడాల్సి వచ్చిందంటే చాలాసార్లు అంతకుముందు నిలబడాల్సిన చోట నిలబడలేదనే. ఆ వీడియోలో నాకు నచ్చింది ఒక్కటే చోటు, బాల్ ఇంకా అవతలి సగంలో ఉండగానే మీవాడు రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూసి, రెండడుగులు దిగి, చెయ్యెత్తి రైట్ బ్యాక్‌ను (కుడివైపు డిఫెండర్‌ను) లోపలికి రమ్మని అరిచాడు. బాల్ వాళ్ల వైపు రానే లేదు, అందుకే ఎడిట్ చేసినవాళ్లు ఆ ముక్కను సగంలో కత్తిరించేశారు. వాడిలో డిఫెండర్ ఉన్నాడని నాకనిపించింది అక్కడే, ఎత్తు చూసి అనిపించలేదు.

పోర్చుగల్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ ట్రయల్ ప్యాకేజీల ఫ్యాషన్ ఈమధ్య మన జిల్లాలకు కూడా పాకింది, నాకు దీనిమీద నమ్మకం లేదు. 18 లోపు పిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్బుకు మార్చుకోవడాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల్లో 19వ అధికరణ నిషేధిస్తుంది. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారితే తప్ప, ఇంకా అలాంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప కుదరదు. 16 ఏళ్లకే మారే వెసులుబాటు యూరోపియన్ యూనియన్ లోపల మారేవాళ్లకు ఉంది, బ్రిటన్ అందులోంచి బయటికొచ్చేసింది, మీవాడు ఉన్నదేమో తిరుపతిలో. మరి 8 లక్షలకు ఏమిస్తారు? ఒక ప్రైవేటు మైదానంలో కొన్ని వారాల ట్రైనింగు, హాస్టలు, ఒక సర్టిఫికెట్, ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడానికి ఫోటోలు. కావాలంటే ఏ క్లబ్బు, ఏ నిబంధన కింద రిజిస్టర్ చేసుకుంటుందో కాగితం మీద రాసివ్వమని ఆ ఏజెంటును అడగండి. పిల్లాడి నుంచి డబ్బు తీసుకునే క్లబ్బు పిల్లాడిని ఎందుకు వదులుకుంటుంది సార్, వాడికి ఆట వచ్చినా రాకపోయినా.

ఆ 50 వేలు ఇచ్చేముందు మీ ఇంట్లో ఆవిడతో ఒక్క మాట అనలేదు. ఆవిడ పుట్టి పెరిగిన దేశం గురించి నన్ను అడుగుతున్నారు, ఆవిడను అడగలేదు. అక్కడ వీధి క్లబ్బులు ఎలా నడుస్తాయో, శనివారం పొద్దున వానలో తండ్రులు గొడుగులు పట్టుకుని ఎక్కడ నిలబడతారో ఆవిడకు తెలుసు. మీ రెండు పేజీల ఉత్తరంలో ఏజెంటు మాట ఉంది, కాలేజీ మాట ఉంది, చుట్టాల మాట ఉంది. బాబు ఏమన్నాడో ఎక్కడా లేదు. ఇది నాకు కోపం తెప్పించింది, దాచుకోను.

ఇంగ్లండ్ మాటకొస్తే, కుటుంబమంతా వేరే కారణంతో వెనక్కి వెళ్తే సరే, కేవలం ఫుట్‌బాల్ కోసం మాత్రం వద్దంటాను. పాస్‌పోర్టు ఉంది కదా, అక్కడ డిగ్రీకి ఫీజు తక్కువ అని ఎవరైనా చెబితే నమ్మకండి, కోర్సుకు ముందు మూడేళ్లు అక్కడ నివాసం లేకపోతే సాధారణంగా విదేశీ విద్యార్థి ఫీజే.

ఇండియా కూడా పూలపాన్పు కాదు. హైదరాబాద్ జట్టు 2022లో దేశంలోని పెద్ద లీగైన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది, ఆ తర్వాత జీతాల గొడవలు, 2025 వచ్చేసరికి క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది జులైలో లీగు నడిపే వాణిజ్య హక్కుల ఒప్పందం తేలక కొత్త సీజన్‌నే ఆపేశారు, కొన్ని క్లబ్బులు ఆటగాళ్ల జీతాలు నిలిపేశాయి. అందుకే ఏ దారిలో వెళ్లినా పక్కన చదువు ఉండాలంటాను. ఆ చదువులో మీరు చూసుకోని ముడి ఒకటుంది. 2021 మార్చి తర్వాత ఓసీఐ తీసుకున్న పిల్లలకు జేఈఈ, నీట్ లాంటి పరీక్షల ద్వారా ఎన్ఆర్ఐ కోటా సీట్లు, లేదా విడిగా ఇచ్చే అదనపు (సూపర్‌న్యూమరరీ) సీట్లు మాత్రమే దక్కుతాయి. మీవాడికి వచ్చింది 2022లో. మామూలు కోటాలో సీటు ఆశ చూపించి రెండేళ్లు ఆట మానేయమంటున్న కాలేజీవాళ్లకు ఈ సంగతి తెలుసా? రేపే వెళ్లి అడగండి. అన్నట్టు, రోజుకు గంటన్నర ఆడితే ఎంపీసీ పోదు, ఆ గంటన్నర లాగేసుకుంటే పుస్తకం ముందు కూర్చుని గోడ చూసే పిల్లలను నేను చాలామందిని చూశాను.

ఇప్పటికి చేయాల్సింది పెద్దగా లేదు. ముందు మోకాలు. పొడుగు సాగే వయసులో మోకాలి కింద ఎముక ఎదిగే చోట నొప్పి ఆటగాళ్లలో మామూలే, అలాగని ఆయింట్‌మెంట్ రాసి ఆడించకండి, తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆస్పత్రిలో చూపించి వాళ్లు ఎన్నాళ్లు ఆగమంటే అన్నాళ్లు ఆపండి. తర్వాత పెద్దవాళ్లతో మ్యాచులు. తారకరామ స్టేడియంలో సాయంత్రం యూనివర్సిటీ కుర్రాళ్లు ఆడుతుంటే వాళ్లలో కలపండి, తనకన్నా బరువైన స్ట్రైకర్ వీపుతో నెడుతుంటే కాళ్ల మీద నిలబడటం అక్కడే వస్తుంది. సెలవుల్లో చెన్నై, బెంగళూరు లీగుల్లో ఆడే క్లబ్బులు చూడండి, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై ఎంత దూరం. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానాలు కూడా ఒకసారి చూపించండి. ఏ క్లబ్బులో రిజిస్టర్ చేయించినా, ఓసీఐ ఉన్నవాడిని ఏ కేటగిరీలో (భారతీయుడిగానా, విదేశీయుడిగానా) చూపిస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ ఆదివారం మీ ముగ్గురూ కూర్చోండి, అడ్వాన్స్ సంగతి ఆవిడకు మీరే చెప్పండి, డబ్బు వెనక్కి ఇమ్మని ఏజెంటుకు ఇద్దరూ కలిసి ఉత్తరం రాయండి. బాబు మోకాలు కుదుటపడ్డాక ఒక పూర్తి మ్యాచ్ వీడియో పంపండి, పాట లేకుండా, కత్తిరించకుండా, రెండు హాఫులూ. దాంతోపాటు వాడికేం కావాలో వాడి చేత్తోనే రాయించండి, నాలుగు లైన్లు చాలు, ఇంగ్లిష్‌లో రాసినా పర్లేదు.