అమ్మతో ఇటలీ కొండ ఊళ్లకు బయల్దేరుతున్న పావనికి

చిరంజీవి పావనికి పెద్దమ్మ ఆశీస్సులు.

సెప్టెంబరులో మీ అమ్మను వెంటబెట్టుకొని ఒర్వియెతో, అస్సీసీ, పెరూజా, సియెనా తిరగబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పారు. నలుగురు తోడుంటే తప్ప కాశీకి కూడా కదలని నా చెల్లెలిని అంత దూరం బయల్దేరదీశావని పగలంతా మురిసిపోయాను. రాత్రయ్యేసరికి భయం పట్టుకొని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వీసా, టికెట్ల విషయం నాకంటే నీకే బాగా తెలుసు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ చూపించాలి కాబట్టి, ఆ పాలసీలో మీ అమ్మ షుగరు సంగతి దాచకుండా రాయించి, పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదువుకో. జారని బూట్లు కొను.

నేను అసలు రాయదలచుకున్నది ఒర్వియెతోలో మీ పెదనాన్నగారు చేసిన పని గురించి. మన ఇంట్లో అది నవ్వుకునే కథ అయిపోయింది గాని, ఆ రోజు ఎవరమూ నవ్వలేదు. ముందురోజు రాత్రి రోమ్‌లో ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. నన్ను లేపలేదు. తెల్లవారాక కాఫీ వద్దన్నారు. దారిలో ఇబ్బంది అవుతుందని మంచినీళ్లు కూడా మానేశారు. బీపీకి వాడే మాత్ర మాత్రం, ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే రకానిది, ఎన్నడూ లేనంత శ్రద్ధగా వేసుకున్నారు. స్టేషను దగ్గర ఫ్యూనిక్యులర్, అంటే తాడుతో లాగే కొండరైలు, ఎక్కి కొండమీద దిగితే, పక్కనే సాన్ పత్రీత్సియో బావి ఉంటుంది. 1527లో రోమ్ నగరం దోపిడీ పాలయ్యాక ఒర్వియెతోకు పారిపోయి వచ్చిన ఏడవ క్లెమెంట్ పోపు, ముట్టడి వచ్చినా ఊరికి నీళ్లకు లోటు రాకూడదని తవ్వించిన బావి అది. నీళ్లు మోసే కంచర గాడిదలు ఎదురెదురు పడకుండా, దిగడానికి ఒక మెట్ల వరస, ఎక్కడానికి వేరే వరస, ఒక్కొక్కదానికి 248 మెట్లు కట్టారు. అంటే దిగినవాళ్లు అడుగున చిన్న వంతెన దాటి, అవతలి మెట్ల మీదుగానే పైకి రావాలి.

ఆయన దిగారు. ఎక్కేటప్పుడు సగం దారిలో గోడ పట్టుకొని కూలబడ్డారు. పెదవులు ఎండిపోయి మాట ముద్దగా వస్తున్న ఆ సమయంలో, వెనక వస్తున్నవాళ్లు దారి కోసం నిలబడి చూస్తుండగా, అప్పుడు బయటపెట్టారు రాత్రి సంగతి. ముందే ఎందుకు చెప్పలేదంటే, “నీ యాత్ర పాడవుతుందని” అన్నారు. పెళ్లయిన నాటినుంచి ఆయన మీద నాకు అంత కోపం ఎన్నడూ రాలేదు. అక్కడివాళ్లు సాయం పట్టి పైకి చేర్చి, అత్యవసర నంబరు 112కు ఫోను చేశారు. ఊరి ఆసుపత్రి కొండమీద లేదు, కింద చికోనియాలో ఉంది. అక్కడి డాక్టరమ్మ మొట్టమొదట అడిగిన ప్రశ్న, చివరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్లారని. ఆయనకు గుర్తు లేదు. సెలైను ఎక్కించి ఆ రాత్రి అక్కడే ఉంచారు.

మీ అమ్మదీ ఇదే బాపతు. మీ తాతగారి ఆబ్దికం నాడు ఒళ్లు కాలిపోతున్నా వంటంతా చేసి, అందరి విస్తళ్లూ ఎత్తాక గాని మంచమెక్కని మనిషి. కనుక పొద్దున్నే “బాగున్నావా” అని అడగకు, బాగున్నాననే అంటుంది. రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎన్ని గ్లాసుల నీళ్లు తాగింది, షుగరు ఎంత ఉంది, ఈ మూడూ అడుగు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు అన్నది, ముఖ్యంగా షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ సంగతి, బయల్దేరకముందే ఆమె డాక్టరుచేత కాగితం మీద రాయించుకో; అక్కడికి వెళ్లాక నీ సొంత వైద్యం వద్దు. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇక్కడినుంచే పట్టుకెళ్లు.

బస విషయంలో నా మాట విను. అస్సీసీలో కొండమీద గది తీసుకోవద్దు. స్టేషను ఉన్నది కింద సాంత మరియా దెల్యి ఆంజెలిలో. అక్కడ నేల చదును, పైకి బస్సులు పోతాయి. పెరూజాలో రొక్కా పావొలీనా కోట అడుగునుంచి ఎస్కలేటర్లు ఉన్నాయి, మోకాళ్లకు భయం లేదు. చివిత ది బాఞ్ఞొరేజో చూడాలని నీకు ఉంటుంది. కాలివంతెన తప్ప దారిలేని ఊరు కాబట్టి పగలు చూసి వచ్చేయండి, రాత్రి ఉండవద్దు. ఇది పిరికితనం అనుకుంటే అనుకో.

చిన్న నలతకు పచ్చ సిలువ గుర్తున్న ఫర్మచీయాకు, అంటే మందుల దుకాణానికి, వెళ్లు. అది మూసి ఉంటే, ఆ రోజు తెరిచి ఉండే దుకాణం పేరు తలుపుమీద అంటించి ఉంటుంది. యాంటీబయాటిక్ మాత్రం చీటీ లేకుండా అడగకు, ఇవ్వరు. రాత్రిపూట, సెలవురోజుల్లో గ్వార్దియా మేదికా అనే డాక్టర్లు ఉంటారు; ఆమె నిలబడలేకపోతే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా 112కే చెయ్యి. ప్రోంతో సొక్కోర్సోలో, అంటే ఆసుపత్రి అత్యవసర విభాగంలో, వచ్చిన వరసను బట్టి కాక జబ్బు తీవ్రతను బట్టి పిలుస్తారు, గంటలు పట్టవచ్చు. ఆ నిరీక్షణలో నువ్వు కూడా ఏదైనా తిను. ప్రతి రసీదూ దాచు, బీమావాళ్లకు ఆ రోజే ఫోను చెయ్యి.

ఆమె కోలుకొని గదిలో పడుకొని ఉంటే, కాసేపు నువ్వు బయటికి వెళ్లిరా. నేను పక్కనే కూర్చుంటే మీ పెదనాన్నగారు మరీ కుమిలిపోయారు. ఊళ్లోని పెద్ద చర్చి చూసి రమ్మని నన్ను పంపాకే నిద్రపోయారు.

సియెనాలో పెద్ద చర్చి ఎదుట సాంత మరియా దెల్లా స్కాలా ఉంటుంది, ఒకప్పుడు యాత్రికులకు ఆశ్రయమిచ్చిన ఆసుపత్రి, ఇప్పుడు మ్యూజియం. లోపలి పెద్ద హాలు గోడమీద 1440ల నాటి చిత్రంలో, గాయపడినవాడి కాలు ఒకరు కడుగుతుంటే, ఇంకొకచోట వైద్యులు గాజుబుడ్డిలోని మూత్రాన్ని చూస్తూ తర్కించుకుంటున్నారు. మేము దాన్ని చూడలేకపోయాము, సియెనాకు అనుకున్న రోజులన్నీ ఆయన కోలుకోవడానికే సరిపోయాయి, పుస్తకంలోనే చూశాను. మీ అమ్మను దాని ముందు నిలబెట్టి, ఆ బుడ్డి చూపించు, నేను చూపించమన్నానని చెప్పు.

మీరు దిగే చోట్ల చిరునామాలు, ఆమె మందుల చీటీ ఆదివారంలోగా నాకు పంపు. ఈ ఉత్తరం ఆమెకు కూడా చదివి వినిపించు. కోపం వస్తే నాకు ఫోను చేయమను, చాలా రోజులైంది మేము పోట్లాడుకొని.

మీ పెద్దమ్మ