చెన్నై ఉక్కలో మళ్ళీ పరుగు: బెంగళూరు పేస్ ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్న ఇది: బెంగళూరులో గంటకు 10 కిలోమీటర్లు హాయిగా పరిగెత్తేవారు. ఆర్నెల్లు మానేసి, చెన్నైలోని తొరైపాక్కానికి మారాక ఏప్రిల్లో మళ్ళీ మొదలుపెడితే మూడో కిలోమీటరుకే ఆయాసం, వాచీలో గుండె వేగం 175, బనీను పిండితే నీళ్ళు. ఫిట్‌నెస్ మొత్తం పోయిందా, గుండె చూపించుకోవాలా?

పోయింది కొంతే. మిగతా తప్పు గాలిది. కానీ ముందు గుండె సంగతి. పరిగెత్తేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా, బీపీ, షుగర్ ఉన్నా, నలభై దాటినా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళున్నా డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టండి. ఇవేవీ లేకపోతే ఆ 175 ని మొదట అనుమానించండి. మణికట్టు మీది సెన్సర్ చెమటకు జారి, గుండె చప్పుడుకు బదులు అడుగుల లయను పట్టుకోవడం మామూలే. నిమిషానికి 165 నుంచి 175 అడుగులు వేసేవాళ్ళకు హార్ట్ రేట్ కూడా సరిగ్గా అంతే చూపిస్తుంది. ఆగి మెడ దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 38 వస్తే 152. గుండె వేగం కొలిచే ఛాతీ బెల్టు కొంటే ఈ గొడవ ఉండదు. వాచీ స్ట్రాప్ మణికట్టు ఎముకకు రెండు వేళ్ళు పైకి, బిగుతుగా కట్టినా చాలావరకు సర్దుకుంటుంది.

ఇప్పుడు గాలి సంగతి. 70 కిలోల మనిషి గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తితే దాదాపు 700 క్యాలరీలు ఖర్చవుతాయి. అందులో మూడొంతులకు పైగా వేడిగానే ఒంట్లోంచి బయటికి పోవాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 క్యాలరీల దాకా వేడిని తీసుకుపోతుంది. అంటే గంటకు సుమారు లీటరు చెమట ఆవిరి కావాలి. కారిపోతే లాభం లేదు, ఆవిరైతేనే లెక్క. మోచేతి నుంచి బొట్లు బొట్లుగా రాలే చెమటతో ఒళ్ళు చల్లబడదు, నీళ్ళూ ఉప్పూ నష్టపోవడమే. చెన్నైలో జరిగేది ఇదే. ఒళ్ళు చల్లబడక చర్మం వైపు రక్తం ఎక్కువ పంపాలి, కాళ్ళకూ పంపాలి, పైగా చెమటతో రక్తంలో నీరు తగ్గుతోంది. అందుకే అదే పేస్‌కు, అంటే కిలోమీటరుకు అన్నే నిమిషాలు పట్టే పరుగుకు, గుండె నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది.

వాతావరణం యాప్‌లో అందరూ తేమ శాతం చూసి మోసపోతారు. చూడాల్సింది డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. అది ఎంత ఎక్కువుంటే గాలిలో అంత నీరు. బెంగళూరులో తెల్లవారుజామున 20 డిగ్రీలు, తేమ 90 శాతం అనుకోండి, డ్యూ పాయింట్ 18. చెన్నైలో 28 డిగ్రీలు, తేమ 85 శాతం అయితే డ్యూ పాయింట్ 25. శాతం తక్కువే, కానీ గాలిలో నీళ్ళు చాలా ఎక్కువ. నేను వాడే కొలత ఇది: డ్యూ పాయింట్ 15 లోపుంటే పేస్ ముట్టుకోనక్కర్లేదు. 18 నుంచి 20 అయితే కిలోమీటరుకు 10 సెకన్లు వదిలేయాలి, అంటే అంత నెమ్మదిగా పరిగెత్తాలి. 21 నుంచి 23 అయితే 20 సెకన్లు. 24 దాటితే 30 నుంచి 45. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి రెండు వారాలు నిమిషం దాకా వదిలేసినా సిగ్గుపడాల్సిందేమీ లేదు. అసలు ఆ రెండు వారాలు వాచీలో పేస్ కనిపించకుండా చేసి, నిమిషాలు మాత్రమే చూసుకుంటే మేలు. పక్కన ఎవరైనా ఉంటే పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. అదే మీ స్పీడోమీటరు.

ఇదే లెక్క ఏ పూట పరిగెత్తాలో కూడా చెబుతుంది. పొద్దున 5 గంటలకు తేమ 88 శాతం, సాయంత్రం 6 కి 65 శాతం అని చూసి సాయంత్రమే మేలనుకుంటారు చాలామంది. డ్యూ పాయింట్ రెండు పూటలా దాదాపు ఒకటే. తేడా ఉష్ణోగ్రతలో, పగలంతా కాగి వేడి కక్కే తారు రోడ్డులో. సాయంత్రం బీచ్ పక్కన ఉండేవాళ్ళ సంగతి వేరు, సముద్రపు గాలి ఆడుతుంది కాబట్టి చెమట ఆరుతుంది. తొరైపాక్కంలో భవనాల మధ్య ఆ గాలి మీదాకా రావడం అదృష్టం. పొద్దుటి పూటే పెట్టుకోండి. మే చివర్లో సూర్యోదయం 5:42 ప్రాంతంలో అవుతుంది కాబట్టి 4:50 కి బయటపడితే ఎండ తగలకముందే పని అయిపోతుంది. మే 4 నుంచి 28 దాకా మన పంచాంగంలో కర్తరి, ఇక్కడివాళ్ళ కత్తిరి వెయిల్. ఆ రోజుల్లో ఆరున్నర తర్వాత రోడ్డు మీద పరిగెత్తడం పౌరుషం తప్ప ప్రాక్టీసు కాదు.

శరీరం వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి వారంలోనే రక్తంలో ప్లాస్మా (నీటి భాగం) పెరుగుతుంది, గుండె వేగం తగ్గుతుంది. రెండో వారానికి చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం మొదలై, అందులో ఉప్పు తగ్గుతుంది. కానీ ఇది వరసగా చేస్తేనే వస్తుంది. శని, ఆదివారాలు మాత్రమే పరిగెత్తి మిగతా ఐదు రోజులు ఏసీ ఆఫీసు, ఏసీ క్యాబ్, ఏసీ పడగ్గదిలో గడిపేవాళ్ళకు ఎన్నాళ్ళయినా అలవాటు కాదు. ఏసీ మానేయమనడం లేదు, నిద్ర పాడైతే అది ఇంకా ముప్పు. 22 బదులు 26 లో పెట్టుకోండి, బయల్దేరే ముందు పది నిమిషాలు బాల్కనీలో నిలబడండి. మూడు నాలుగు వారాలు ఊరెళ్ళి చల్లగా గడిపొస్తే సంపాదించిన అలవాటు చాలావరకు కరిగిపోతుంది. మళ్ళీ మొదటి వారం నుంచే.

ఆర్నెల్ల విరామం ఉంది కాబట్టి ఇలా మొదలుపెట్టండి. వారానికి ఐదు రోజులు, రోజుకు 40 నుంచి 50 నిమిషాలు. ముందు పది, చివర పది నిమిషాలు చురుకైన నడక. మధ్యలో మొదటి నాలుగు రోజులు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, పదిసార్లు. తర్వాతి ఐదు సెషన్లు రెండు నిమిషాల పరుగు, ఒకటి నడక, ఎనిమిదిసార్లు. ఆపైన నాలుగు, ఒకటి చొప్పున ఐదుసార్లు. నాలుగో వారంలో తొమ్మిది, ఒకటి చొప్పున మూడుసార్లు. ఆరో వారానికి ఆగకుండా 30 నిమిషాలు. నడక నిమిషం అయిపోయేసరికి ఊపిరి కుదుటపడక మాట్లాడలేకపోతున్నారంటే ఆ రోజుకు అంతే, నడుచుకుంటూ ఇంటికి. ఊపిరి ముందు కుదురుతుంది, పిక్కలు, మడమ వెనక తాడులాంటి స్నాయువు నెలలు తీసుకుంటాయి. పాత రన్నర్లు దెబ్బతినేది ఇక్కడే: మూడో వారంలో హుషారొచ్చి ఒక్కసారి 8 కిలోమీటర్లు లాగేస్తారు. పొద్దున మంచం దిగగానే మడమ పట్టేసినట్టుంటే ఆ రోజు నడక మాత్రమే.

పురోగతి తెలియాలంటే ఒకే దారి, ఒకే రకం నడక-పరుగు, 20వ నిమిషంలో నాడి ఎంతుందో రాసుకోండి. పక్కన డ్యూ పాయింట్ కూడా. పదిహేను రోజుల్లో అదే పేస్‌కు పది దాకా తగ్గితే శరీరం దారిలో పడ్డట్టే.

నీళ్ళ విషయంలో ఊహాగానం అక్కర్లేదు, కాటా చాలు. గంట పరుగుకు ముందు, తర్వాత ఒళ్ళు తుడుచుకుని బట్టల్లేకుండా తూగండి. 70.4 కిలోలు 69.3 అయి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే మీ చెమట గంటకు 1.4 లీటర్లు. 45 నిమిషాల లోపు పరుగుకు ముందు ఒక గ్లాసు తాగి వెళ్తే సరిపోతుంది. అంతకు మించితే పావుగంటకోసారి 150 మిల్లీలీటర్లు. తగ్గిన బరువుకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు నీళ్ళు తర్వాతి రెండు మూడు గంటల్లో నిదానంగా తాగండి. పరుగు తర్వాత బరువు పెరిగిందంటే అది డేంజరు. వట్టి నీళ్ళు లీటర్లకొద్దీ పట్టిస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి, అయోమయం మొదలవుతాయి. అది చూసి నీళ్ళు తక్కువయ్యాయేమోనని ఇంకా తాగిస్తారు.

కొబ్బరిబోండం మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. అరలీటరు పలచటి మజ్జిగలో పావు టీస్పూను ఉప్పు మీకు దానికంటే నయం. గంట దాటిన రోజుల్లో ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్, దాని మీద రాసినన్ని నీళ్ళలో, పెద్ద ప్యాకెట్ అయితే పూర్తి లీటరులో. గ్లాసుడు నీళ్ళలో లీటరు ప్యాకెట్ మొత్తం కలిపితే కడుపు తిప్పుతుంది. పేరులో ఓఆర్ఎస్ తగిలించుకుని అమ్మిన పళ్ళరసం డబ్బాలు అసలు ఓఆర్ఎస్ కావు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది కూడా. ఇక ఉప్పు మాత్రలంటారా, ఇంట్లో ఆవకాయ, సాంబారు నడిచే మనకు గంట లోపు పరుగులకు వాటి అవసరం నాకు కనబడదు. బీపీ మందులు వాడేవాళ్ళు ఉప్పు పెంచే ముందు డాక్టరును అడగాలి. నీళ్ళు ఎక్కువగా బయటికి పంపే మాత్రలు వాడేవాళ్ళు మరీను. ఒళ్ళు నొప్పులకని పరుగుకు ముందు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకోవడం మానండి. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలకు చేటు.

బట్టలు: కాటన్ బనీను చెమట పీల్చుకుని బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. పలచటి పాలిస్టర్ చేతుల్లేని టీషర్ట్ చాలు. తొడలు, చంకలు ఒరుసుకునే చోట బయల్దేరే ముందే వాజలిన్, మగవాళ్ళకు చనుమొనల మీద మైక్రోపోర్ టేపు. పరుగయ్యాక టీకొట్టు దగ్గర తడి బట్టల్లోనే అరగంట కబుర్లు చెప్పుకోవడం చెన్నైలో తామరకు రాచబాట. వెంటనే స్నానం, గజ్జల్లో బాగా తుడుచుకోవడం, పొడి బట్టలు. గుండ్రంగా మచ్చ వచ్చి దురద పెడితే మందుల షాపులో అడిగి తెచ్చుకునే మిశ్రమం ట్యూబులు వద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండ్రోజులు తగ్గినట్టే తగ్గి రెట్టింపు పాకుతుంది. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

వారంలో ఒకరోజు ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద వేగంగా పరిగెత్తడం మోసమేమీ కాదు. ఉక్కలో నెమ్మదిగా పరిగెత్తీ పరిగెత్తీ కాళ్ళు వేగం మర్చిపోతాయి, దానికి ఇది మందు. అయితే ఆరో వారం తర్వాతే. ఫ్యాను లేని అపార్ట్‌మెంట్ జిమ్ మాత్రం బయటికంటే అన్యాయం, గాలి కదలదు. ఆదివారం లాంగ్ రన్‌కు మెరీనా నడకదారి గానీ, అణ్ణానగర్ టవర్ పార్క్ లాంటి చుట్లు కొట్టే చోటు గానీ నయం. సీసా ఒకచోట పెట్టుకోవచ్చు, ఒళ్ళు బాగోలేకపోతే ఇంటికి ఆరు కిలోమీటర్ల దూరంలో చిక్కుకుపోరు. మెత్తటి ఇసుకలో పరుగు జోలికి ఇప్పుడే పోవద్దు, పిక్కలు పట్టేస్తాయి.

ఒళ్ళు జలదరించినా, ఉక్కలో చలేసినట్టున్నా, కాళ్ళు తడబడ్డా వెంటనే ఆపేసి నీడకు చేరండి. తోటివాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, దారి మర్చిపోయినా అది వడదెబ్బ కిందే లెక్క. ఒళ్ళు పొడిగా ఉంటేనే వడదెబ్బ అనుకోకండి, పరుగులో వచ్చేదానికి చెమటలు కారుతూనే ఉండొచ్చు. 108 కి ఫోన్ చేసి, వచ్చేలోగా ఒళ్ళంతా చన్నీళ్ళు గుమ్మరించండి. ఐసు దొరికితే తడి తువ్వాళ్ళలో చుట్టి మెడ, చంకలు, గజ్జల్లో మారుస్తూ ఉండండి. చల్లబరచడం ముందు, ఆసుపత్రికి తరలించడం తర్వాత. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. పారాసెటమాల్ ఈ వేడికి పనిచేయదు. జ్వరం, విరేచనాలు తగ్గి రెండు రోజులు కాకుండా, లేదా రాత్రి మందు పార్టీ అయిన పొద్దున, అసలు బయల్దేరకండి.

బూట్లు రెండు జతలు పెట్టుకోండి. చెమట పాదాల దాకా కారి ఒక్క రాత్రిలో ఆరవు. ఇన్‌సోల్ బయటికి తీసి, లోపల పాత పేపరు కుక్కి, రెండు గంటల తర్వాత పేపరు మార్చి ఫ్యాను కింద ఉంచండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది. అక్టోబరు, నవంబరు వానల్లో నీళ్ళు నిలిచిన రోడ్డు మీద పరిగెత్తకండి, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు. ఇప్పుడు మొదలుపెడితే డిసెంబరు, జనవరిలో పొద్దున 21, 22 డిగ్రీలున్నప్పుడు మీ పాత పేస్ దగ్గరికి వస్తుంది. చెన్నై మారథాన్ కూడా జనవరి మొదట్లోనే. ఈసారికి అందులో 10 కిలోమీటర్లకు మించి పేరివ్వకండి.