ఆ నాగలి అక్కడికి ఎలా వచ్చింది?

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితో పంపిన కథా అందాయి. అమెరికన్ రచయిత్రి విల్లా కేథర్ నవల ‘మై ఆంటోనియా’ చదివి, అందులోని ఉపమలు, ప్రతీకలు, కథలో కథలు అన్నీ పట్టికగా రాసుకున్నానన్నావు. వాటిని నీ రచనలోకి ఎలా తెచ్చుకోవాలని అడిగావు. పట్టికలో ఇంకో గడి గీయి. ప్రతి ప్రతీక పక్కనా ‘ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?’ అని రాసి, జవాబు నవలలోనే వెతుకు.

నాగలి దృశ్యంతో మొదలుపెట్టు. రెండో భాగం చివర్లో కథ చెప్పే జిమ్, ఊళ్లో ఇళ్లలో పనికి కుదిరిన వలస కుటుంబాల ఆడపిల్లలు ఏటి ఒడ్డున వనభోజనం చేస్తారు. పొద్దు గుంకే వేళ ఎర్రటి సూర్యబింబం మధ్య నల్లగా ఏదో ఆకారం కనిపిస్తుంది. ఎవరో రైతు మెట్ట మీది చేలో వదిలిపెట్టిన నాగలి అది. అడ్డంగా పడే వెలుతురు దాన్ని ఎన్నో రెట్లు పెంచింది. మేడి, కర్రు, ఏడికోల సరిగ్గా ఆ బింబంలో ఇమిడిపోయాయి. కథ జరిగే అమెరికా రాష్ట్రం నెబ్రాస్కా నేలను సాగులోకి తెచ్చినవారి శ్రమకు అది ప్రతీక అని విమర్శకులు రాశారు. కేథర్ మాత్రం ఆ అర్థం విప్పి చెప్పదు; నాగలి ఎక్కడుందో, సూర్యుడు దాని వెనక ఎలా దిగాడో చూపిస్తుంది. మరుక్షణంలో బింబం కిందికి జారుతుంది, నాగలి మళ్లీ చిన్నదైపోతుంది. అంత గొప్ప చిత్రాన్ని చేతికందగానే వదిలేయగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మనలో చాలామందిమి ఇంకో పేరా రాసేవాళ్లం.

ఆ దృశ్యానికి కాస్త ముందు ఏం జరిగిందో గమనించావా? స్పానిష్ అన్వేషకుడు కొరొనాడో ఇంత దూరం వచ్చాడని జిమ్ వాదిస్తాడు. పక్క కౌంటీలో ఒక రైతు బీడు దున్నుతుంటే స్పానిష్ అక్షరాలున్న కత్తి బయటపడిందని ఆ పిల్లలకు చెబుతాడు. కత్తి మట్టిలోంచి వచ్చింది, నాగలి సూర్యుడిలో నిలబడింది. ఈ రెంటినీ కలుపుతూ రచయిత్రి ఒక్క మాట కూడా రాయదు. పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది.

ఇప్పుడు సమాధి. జిమ్ చిన్ననాటి స్నేహితురాలు ఆంటోనియా. ఆమె తండ్రి షిమర్డా, ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియా నుంచి వచ్చిన తొలి చలికాలంలోనే ప్రాణం తీసుకుంటాడు. భార్యా, పెద్దకొడుకూ కోరినట్టే, వాళ్ల పొలం మూలనే పూడ్చిపెడతారు. ఏళ్లు గడుస్తాయి. ఎర్రగడ్డి మైదానాలన్నీ దున్నుళ్లకు లొంగిపోతాయి, పొలాలకు కంచెలు వస్తాయి, ఇష్టం వచ్చినట్టు సాగిన బాటలు సర్వే గీతల వెంట నడవడం మొదలుపెడతాయి. ఆ గీతల ప్రకారం రోడ్లు సమాధి మీదుగా పోవాలి. కానీ ఒకటి కాస్త తూర్పుకూ, ఇంకొకటి కాస్త దక్షిణానికీ వంగి తప్పుకుంటాయి. మధ్యలో మిగిలిన కొద్దిపాటి చోట పాత గడ్డి ఎప్పటిలాగే పెరుగుతుంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద, వచ్చి సాగు చేసుకునేవాళ్లకు 160 ఎకరాల చొప్పున పంచిన నేల అది. చతురస్రాలుగా కొలిచిన ఆ నేల మీదే రోడ్డు వంకరకు అర్థం వచ్చింది. సర్వే గొలుసు లేకపోతే ఆ ప్రతీకే లేదు.

తోడేళ్ల కథను నువ్వు ‘కథలో కథ’ అని ఒక్క ముక్కలో దాటేశావు. అది ఎన్ని నోళ్లు మారిందో చూడు. రష్యా నుంచి వలస వచ్చి, చావు మంచంలో ఉన్న పావెల్ తన భాషలో షిమర్డాతో చెప్పుకుంటాడు. తోడేళ్లు వెంటపడితే బండి బరువు తగ్గించుకోవడానికి కొత్త దంపతులను మంచులోకి తోసేసిన కథ. ఆంటోనియా విని జిమ్‌కు చెబుతుంది. జిమ్ ఎన్నో ఏళ్ల తర్వాత రాస్తాడు. పిల్లలిద్దరూ ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకుంటారు. ఆ కథకు అర్థం మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. పెళ్లి చేసుకుంటానన్నవాడి చేతిలో ఆంటోనియా మోసపోయిన సంగతి కూడా జిమ్ కళ్లారా చూసింది కాదు, విధవరాలు స్టీవెన్స్ చెప్పగా విన్నది. ఎవరు ఎంత చూడగలరో అంతే చెప్పించడం ఈ నవలలో అన్నిటికంటే కష్టమైన పని. నీ కథలో ఏడేళ్ల పిల్లవాడికి వాళ్ల నాయనమ్మ మనసంతా తెలిసిపోయింది. అక్కడే నమ్మకం సడలింది.

అయితే కేథర్ దగ్గర అన్నీ నేర్చుకోమనను. మంచు పడ్డప్పుడు గడ్డిలో ఒక పెద్ద వలయం తేలి కనిపిస్తుంది. ఒకప్పుడు అమెరికా ఆదివాసులు గుర్రాలు తిప్పిన జాడ అంటారు. ఎందుకు తిప్పారన్న దాని మీద పనివాళ్లకు ఒక ఊహ, జిమ్ తాతయ్యకు ఒక ఊహ. అక్కడితో సరి. నెబ్రాస్కాలో బతికిన పానీ అనే ఆదివాసీ తెగవాళ్లను 1870ల్లోనే దక్షిణానికి పంపేశారు. కేథర్ కుటుంబం అక్కడికి చేరింది 1883లో. నాగలి ఎలా వచ్చిందో అంత శ్రద్ధగా చెప్పిన రచయిత్రి ఆ వలయాన్ని అందమైన గుర్తుగానే వదిలేసింది. ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ప్రతీక చూపించగలదు, కప్పేయనూగలదు.

ఇక నీ కథలోని ఎండిన బావి. నాయనమ్మ ఒంటరితనానికి గుర్తుగా పెట్టావని మొదటి వాక్యంలోనే తెలిసిపోతోంది. కథ మొత్తంలో ఆ బావిలో ఎవరూ చేద వేయలేదు. అది ఎప్పుడు ఎండింది? పక్క పొలంలో బోరు వేశాకనా? అప్పుడు ఎవరైనా ఎవరితోనైనా గొడవపడ్డారా? గిలక ఎవరు పట్టుకుపోయారు? నాయనమ్మ ఇప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది, బిందె ఎవరు మోస్తున్నారు? వీటికి జవాబులు రాసుకున్నాక, ‘ఆమె జీవితంలాగే’ అన్న మాట ఉన్న రెండు వాక్యాలూ కొట్టేసి, మూడో పేజీ నుంచి మళ్లీ రాసి పంపమ్మా. తొందరేమీ లేదు.

శుభం.