ఆక్సిజన్ ఆగింది సరే, ఎక్కడ ఆగింది?

చి. శ్రావణికి, బాబాయి ఆశీస్సులు.

పాలకూర ఆకుల్లోంచి తీసిన కిరణజన్య సంయోగక్రియ పొరల మీద వేసిన రసాయనాలన్నిటికీ, వెలుగులో వచ్చే ఆక్సిజన్ పడిపోయిందని రాశావు. గ్రాఫులు చూశాను. ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్ మీద చెయ్యి బాగా కుదిరింది నీకు. కానీ కింద ‘నీటిని విడగొట్టే వ్యవస్థ దెబ్బతింది’ అన్నావే, ఆ మాట అప్పుడే రాయకమ్మా. డయూరాన్ అనే కలుపుమందు వేసినా ఆక్సిజన్ ఆగుతుంది. అది పట్టుకునేది అవతలి కొసన, నీటి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు బయటికి వెళ్లే క్యూబీ చోటుని; నీటిని విడగొట్టే మాంగనీసు జోలికే పోదు.

కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను. రాగి లవణంతో ఆర్నెల్లు పనిచేసి వ్యాసం పట్టుకెళ్తే మా గురువుగారు అడిగింది ఒక్కటే: ‘డీపీసీ వేశావా?’ వెయ్యలేదు. మళ్లీ మొదటికొచ్చాను.

డీపీసీ అంటే డైఫినైల్ కార్బజైడ్. అది నీటికి బదులు తానే ఎలక్ట్రాన్లిస్తుంది. 0.5 మిల్లీమోలార్ చాలు. ఎలక్ట్రాన్లు అందుకుంటే రంగు పోయే డీసీపీఐపీ అద్దకం నీలం తగ్గడాన్ని 600 నానోమీటర్ల దగ్గర చూస్తుంటావు కదా. ఆగిపోయిన ఆ తగ్గుదల డీపీసీ పడగానే మళ్లీ మొదలైతే దెబ్బ నీటి వైపు తగిలినట్టు. కదలకపోతే ఇంకా అవతల వెతకాలి. డయూరాన్ నమూనా ఒకటి పక్కన ఎప్పుడూ ఉంచుకో, అందులో డీపీసీ వేసినా రంగు తగ్గకూడదు.

ముందు ట్రిస్ అనే బఫర్ ద్రావణంతో పరీక్షను సరిచూసుకో. 0.8 మోలార్, పీహెచ్ 8.4 దగ్గర, ఐస్ మీద కడిగితే మాంగనీసూ, దాన్ని కప్పి ఉండే 33, 23, 17 కిలోడాల్టన్ల బరువున్న ప్రొటీన్లూ ఊడిపోతాయి. అక్కడ డీపీసీ పనిచేయలేదంటే లోపం నీ పద్ధతిలో ఉంది. ఒక జాగ్రత్త: మాంగనీసు పోయిన పొరల్ని గట్టి వెలుగులో వదిలేస్తే వెలుగుతో ఎలక్ట్రాన్లను కదిలించే రియాక్షన్ సెంటరే పాడవుతుంది, ఇక డీపీసీకి కూడా బదులివ్వదు. మసక పచ్చ దీపం కింద పనిచెయ్యి.

హైడ్రాక్సిలమిన్ విషయంలో మోతాదు రాయకుండా ఏమీ చెప్పకు. మైక్రోమోలార్లలో అది, ఫ్లాష్‌కో మెట్టు చొప్పున ఎక్కే మాంగనీసు గుచ్ఛాన్ని రెండు మెట్లు వెనక్కి నెడుతుందంతే. చీకట్లో ఉంచి ఫ్లాష్‌లు ఇస్తే, మూడోదానికి రావలసిన ఆక్సిజన్ శిఖరం ఐదోదానికి వస్తుంది. మిల్లీమోలార్లకు వెళ్తే మాంగనీసే ఊడుతుంది. సీసా అదే, జరిగేది వేరు. అమోనియం క్లోరైడూ అంతే: తక్కువ మోతాదులో అన్‌కప్లర్, అంటే ఎలక్ట్రాన్ల నడకను ఏటీపీ తయారీ నుంచి విడదీసేది; ఆక్సిజన్ వేగం పెరుగుతుంది కూడా. పీహెచ్ పెంచి ఎక్కువ వేస్తే నీటి వ్యవస్థకే అడ్డుపడుతుంది.

అన్నట్టు, మన సంతలో దొరికే పాలకూర చాలావరకు బీట్‌రూట్ చేరిన బీటా జాతిది, మీ పుస్తకాల్లోని స్పినాసియా కాదు. ఏది వాడావో నోట్‌బుక్‌లో రాసిపెట్టు.

డీపీసీ వేసినవీ వెయ్యనివీ పక్కపక్కనే గీసి పంపు. కూర్చుని చూస్తాను.

మీ బాబాయి